మూడు కొయ్యల ఓడలో తెరచాపలు కుట్టిన రోజులు

ఈ మధ్య మా వరంగల్ పిల్లలు ఓడ ఉద్యోగాలకు బాగానే పోతున్నారు. ముప్పై ఏళ్లు ఓడల మీద బతికి వచ్చిన మనిషినని ఎవరో చెబితే, ఎక్కేముందు ఒకసారి వచ్చి కలుస్తుంటారు. ఎన్నేళ్లకు పై హోదా వస్తుంది, ఏ కాగితాలు కావాలి అని అడుగుతారు. ఆ రెండింటికీ నా దగ్గర సరైన జవాబు లేదు. నా హోదాలు ఎప్పుడు మారాయో నాకే సరిగా గుర్తు లేదు. కాగితాల సంగతి ఎప్పుడూ ఎవరో ఒకరు చూశారు.

నాకు చెప్పాలని ఉన్నది మొదటి ప్రయాణం గురించి. తర్వాత ఎక్కినవన్నీ ఇంజన్ ఓడలే. మొదటిది మాత్రం గాలితో నడిచే పాతకాలపు ఓడ. మూడు ఎత్తైన కొయ్యలు, వాటికి అడ్డంగా దూలాలు, ఆ దూలాలకు వేలాడే తెరచాపలు. డెబ్భైల చివర విశాఖపట్నంలో ఎక్కి మారిషస్‌లో ఆగి, అక్కడి నుంచి దక్షిణానికి పోయాను. మధ్యలో ఏం జరుగుతున్నదో నాకు చాలావరకు అర్థం కాలేదు. కొన్ని సంగతులు ఇప్పటికీ అర్థం కాలేదు. అర్థమైనట్టు రాస్తే అబద్ధమవుతుంది కాబట్టి, కానివి అట్లాగే రాస్తున్నాను.

గుడ్డ తెలుసు, నీళ్లు తెలియవు

మా నాయన షామియానాలు, డేరాలు కుట్టేవాడు. వరంగల్ మట్టెవాడలో చిన్న కొట్టు. పెళ్లిళ్లకు, చర్చి కూడికలకు, ఎన్నికల మీటింగులకు మా డేరాలే పోయేవి. పదేళ్లప్పటి నుంచి నేనూ ఆయన పక్కన కూచుని కుట్టాను. మందపాటి గుడ్డలో సూది ఎట్లా దిగాలి, దారానికి మైనం ఎంత పట్టించాలి, వానకు తడిసిన డేరాను ఎన్నాళ్లు ఎండబెట్టాలి, ఇవన్నీ నాకు చదువు కంటే ముందే వచ్చాయి. ఈత రాదు. అప్పటికి నేను చూసిన పెద్ద నీళ్లు ధర్మసాగర్ చెరువు. అందులో కూడా మోకాళ్లు దాటి దిగలేదు.

నాయన పోయాక కొట్టు నడవలేదు. తెలిసినవాళ్లు విశాఖ రేవులో టార్పాలిన్లు కుట్టే షెడ్డులో పని పెట్టించారు. అక్కడ రెండేళ్లు చేశాను. ఆ షెడ్డుకు ఒకరోజు ఓ తెల్లాయన వచ్చాడు. నెరిసిన గడ్డం, కాళ్లకు పాత రబ్బరు చెప్పులు. నేను కుట్టిన అంచును పట్టుకుని రెండు చేతులతో గుంజి చూశాడు. మళ్లీ గుంజాడు. తర్వాత మా ఫోర్‌మన్‌తో ఏదో మాట్లాడి వెళ్లిపోయాడు. ఆయన రిపేరు కోసం రేవులో నిలిచిపోయిన తెరచాపల ఓడకు కెప్టెనట. తెరచాపలు కుట్టే పెద్దమేస్త్రికి సహాయకుడు మధ్యలో మానేశాడట. నన్ను పంపమన్నాడట.

ఓడ మారిషస్ పోతుందన్నారు. మద్రాసు పక్కన ఊరేమో అనుకున్నాను. ఫోర్‌మన్‌ను అడిగితే ఆయనకూ తెలియదు, కానీ తెలియదనలేదు. "దగ్గరే" అన్నాడు. అమ్మకు చెప్పి వద్దామని వరంగల్ వచ్చాను. అమ్మ మిషన్ దవాఖానలో ఆయాగా చేసేది. ఎక్కడికో చెప్పలేక సముద్రం మీద పోతున్నానన్నాను.

"సముద్రం నేను సూడలే బిడ్డా. మన గోదారంత ఉంటదా?" అంది.

"జర పెద్దగుంటదే" అన్నాను.

ఆమె ప్రార్థన చేసి, ఒక సీసా ఆవకాయ కట్టి పంపింది. నలభై రోజులు నీళ్ల మధ్య ఉండబోతున్నానని నాకు తెలిసింది, రేవు గోడ వెనక్కి పోవడం మొదలయ్యాక.

తెలుగే అర్థం కాలేదు

ఓడ మీద ముప్పై మందిమి. ఎనిమిది దేశాల వాళ్లు. ఆజ్ఞలన్నీ ఇంగ్లీషులో ఇచ్చేవారు గానీ, ఆ ఇంగ్లీషు ఒక్కొక్కరి నోట ఒక్కో రకంగా వచ్చేది. కెప్టెన్ ఒకమాట అంటే దాన్ని ఆయన కింది అధికారి అరిచి చెప్పేవాడు. అది కొయ్య పైకి చేరేసరికి ఇంకో మాటయ్యేది. తాళ్లు రెండు వందల దాకా ఉండేవి. ప్రతి తాడుకీ పేరుంది. ఏ తాడు మీదా ఆ పేరు రాసి ఉండదు.

మొదటి వారం వాంతులతో పోయింది. లేచి నిలబడ్డాక నాకు తెలిసిన ఉపాయం ఒకటి చేశాను. నా దగ్గరున్న గుడ్డముక్కలు తీసి ముఖ్యమైన తాళ్లకు ఎర్రది, పచ్చది, నల్లది కట్టుకున్నాను. కింది అధికారి అవి చూసి ఒక్కొక్కటే విప్పి నా చేతిలో పెట్టాడు. చీకట్లో రంగులు కనబడవని, తాడు ఎక్కడుందో చెయ్యికి తెలియాలి గానీ కంటికి కాదని చెప్పాడు. మీకూ ఇదే చెబుతాను. గుర్తులు పెట్టుకుని నేర్చుకున్న పని, గుర్తులు ఊడిన రోజున రాదు.

ఓడలో ఇంకో తెలుగువాడు ఉన్నాడని ఎక్కిన రోజే సంబరపడ్డాను. పేరు అప్పన్న. భీమిలి దగ్గర చేపలు పట్టే కుటుంబం. నాకంటే ఆరేడేళ్లు పెద్ద. కోతిలాగా కొయ్య ఎక్కేవాడు. కానీ ఆ తెలుగుతోనే నా చేతులు కాలాయి. ఒకరోజు పది మందిమి ఒక పెద్ద తాడు పట్టుకుని లాగుతున్నాం. ముందున్నవాళ్లు వదిలేశారు. అప్పన్న నా వైపు తిరిగి, "ఒగ్గేయ్, ఒగ్గేయ్" అన్నాడు. మా దగ్గర ఒగ్గు అంటే మల్లన్న కథ చెప్పేవాళ్ల డోలు. ఇప్పుడు డోలు ఊసెందుకో నాకు అంతుబట్టలేదు. ఇంకా గట్టిగా పట్టుకున్నాను. తాడు రెండు అరచేతుల తోలూ తీసుకుని పోయింది. వాళ్ల దగ్గర ఒగ్గేయడమంటే వదిలేయడమని ఆ సాయంత్రం చేతులకు నూనె రాస్తూ అతనే చెప్పాడు.

"మరి మీరేటంటారు?" అని అడిగాడు.

"ఇడిసిపెట్టు అంటం అన్నా."

"అంత పొడుగు మాటనేసరికి తాడెల్లిపోద్ది గదరా" అన్నాడు.

ఆనాటి నుంచి అతనే నాకు అన్న. అన్నం దగ్గర, పడక దగ్గర అతని పక్కనే ఉండేవాణ్ని. అమ్మ పెట్టిన ఆవకాయ ఇద్దరం కలిసి నాలుగు రోజుల్లో ఖాళీ చేశాం.

పెద్దమేస్త్రి

చాపలు కుట్టే పెద్దమేస్త్రి గోవా ముసలాయన. నాకు వరంగల్ ఉర్దూ వచ్చు, ఆయనకు బొంబాయి హిందీ వచ్చు. అట్లా నడిచింది. నా మీద కోప్పడ్డది లేదు, మెచ్చుకున్నదీ లేదు. అరచేతికి వేసుకునే తోలుపట్టీ ఒకటి ఇచ్చి, సూదిని దానితో నెట్టడం చూపించాడు. మూడు రోజుల్లో నా కుట్టు ఆయన కుట్టు పక్కన పెడితే తేడా తెలిసేది కాదు. నేను అట్లా అంటే గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుంది గానీ, అది నాయన పుణ్యం.

శ్రీలంక దాటి దిగువకు పోయాక గాలి పడిపోయింది. భూమధ్యరేఖ దగ్గర గాలి లేని చోటు ఒకటుంటుందట. ఓడ కదలదు. ఉక్కపోత. ఉండి ఉండి ఒక నల్లమబ్బు వచ్చి పావుగంట విరుచుకుపడి పోతుంది, మళ్లీ ఏమీ ఉండదు. అట్లాంటి చోట మంచి చాపలు పాడవుతాయని, వాటిని దించి పాతవి కట్టమని కెప్టెన్ చెప్పాడు. కింది గదిలో నుంచి పాత చాపలు పైకి తెచ్చారు. ముందుకొయ్య రెండో దూలానికి కట్టాల్సిన చాపలో మూరెడు చిరుగు ఉంది. అతుకు వేయమని మేస్త్రి నాకిచ్చాడు.

పరిచి చూశాను. నల్లటి చుక్కలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే బూజు వాసన. తడితోనే మడిచి నెలల తరబడి రేవులో ఉంచినట్టున్నారు. చిరుగు పక్కన వేలితో నొక్కితే పోగులు పుటుక్కుమన్నాయి. మా కొట్టులో అయితే నాయన దాన్ని పెళ్లికి కాదు కదా, గడ్డివాముకు కూడా ఇచ్చేవాడు కాదు.

మేస్త్రిని పిలిచి చూపించాను. ఆయన చూశాడు. చాలాసేపు చూశాడు. "చిన్న గాలికి చాలు, అతుకు వెయ్" అన్నాడు.

ఇక్కడే నా తల తిరిగిపోయింది. గుడ్డ సంగతి నాకు తెలుసు. కానీ సముద్రం సంగతి తెలియదు. సముద్రం మీద గుడ్డ లెక్క వేరేమో. నలభై ఏళ్లు చాపలు కుట్టిన మనిషి చాలంటే, మట్టెవాడలో డేరాలు కుట్టినవాణ్ని నేను కాదనగలనా? కెప్టెన్ పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. చెబుదామా అనుకున్నాను. పుచ్చిందనడానికి ఇంగ్లీషులో ఏమంటారో గుర్తు రాలేదు. గుర్తొచ్చినా చెప్పేవాణ్నో కాదో నాకిప్పటికీ తెలియదు. కూర్చుని అతుకు వేశాను. కోపంతోనో భయంతోనో రెండు వరసలు కుట్టాల్సిన చోట నాలుగు వరసలు కుట్టాను.

ఆ మధ్యాహ్నం

కట్టిన మూడో రోజు మధ్యాహ్నం నల్లమబ్బు వచ్చింది. అలవాటైనదే కదా అని అందరూ ఊరుకున్నారు. ఈసారి గాలి ముందొచ్చింది, వాన తర్వాత వచ్చింది. ఓడ ఒక పక్కకు ఒరిగింది. ముందుకొయ్య చాపను చుట్టి కట్టేయమని ఆజ్ఞ వచ్చింది. ఆరుగురు పైకెక్కారు. అందరికంటే ముందు అప్పన్న ఎక్కి దూలం చివరికి పోయాడు.

నేను కింద తాడు దగ్గర ఉన్నాను. చాప చిరిగిన చప్పుడు నాకు వినబడలేదు. పైకి చూసేసరికి అది నిలువునా రెండుగా ఉంది. అంచున ఇనుప కడియం ఉన్న ముక్క కొరడాలా కొడుతున్నది. అది అప్పన్న భుజానికి తగిలింది. చేతులు వదిలేశాడు. దూలం కింద కాళ్లు పెట్టుకోవడానికి ఒక తాడు ఉంటుంది, ఆ తాడులో అతని మోకాలు చిక్కుకుంది. తలకిందులుగా వేలాడాడు. ఎంతసేపో చెప్పలేను. పక్కనున్న ఇద్దరు పట్టుకుని పైకి లాగారు. నేను ఆ సేపంతా చేతిలో తాడు పట్టుకుని నిలబడ్డాను. దాన్ని లాగాలో వదలాలో నాకు తోచలేదు.

ప్రాణం దక్కింది. ఎడమచేయి పై ఎముక విరిగింది, భుజం చితికింది. ఓడలో డాక్టర్ లేడు. కింది అధికారి పుస్తకం ఒకటి ఎదురుగా తెరుచుకుని, చెక్కలు పెట్టి కట్టు కట్టాడు. పేజీ తిప్పడానికి నన్ను కూర్చోబెట్టాడు.

గాలి తగ్గాక చాప ముక్కలు దించారు. మేస్త్రి వాటిలోంచి ఒక ముక్క తీసి నాకు చూపించాడు. నేను వేసిన అతుకు. ఒక్క కుట్టు ఊడలేదు. దాని చుట్టూ ఉన్న గుడ్డ మాత్రం లేదు. "నీ కుట్టు నిలిచింది" అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. సంతోషించాలో ఏడవాలో తెలియక ఆ ముక్క పట్టుకుని నిలబడ్డాను. నాలుగు వరసల గట్టి అతుకు చుట్టూ ఉన్న పుచ్చు గుడ్డను గుంజి ఉంటుందని, రెండు వరసలే వేసి ఉంటే ముందే అతుకు ఊడి, పెద్దగాలి రాకముందే చాప దించేవారేమోనని తర్వాత తోచింది. ఆ లెక్క ఈనాటికీ తేలలేదు.

పోర్ట్ లూయీలో

రేవు చేరడానికి ఇంకా పదిహేడు రోజులు పట్టింది. అప్పన్నకు అన్నం నేనే తినిపించాను. చాప మాట అతనెత్తలేదు, నేనెత్తలేదు.

మారిషస్‌లో పోర్ట్ లూయీ రేవులో ఓడ ఆగాక దవాఖానకు తీసుకుపోయారు. ఆ వార్డులో ఒక ముసలి ఆయా ఉంది. వాళ్ల ముత్తాత విశాఖ వైపు నుంచి చెరకు తోటల్లో పనికి వచ్చాడట. ఆమెకు తెలుగు మాటలు ఇరవై ముప్పై వచ్చు, అంతే. అప్పన్న నుదుటి మీద చెయ్యి పెట్టి "తమ్ముడు, నీళ్లు" అంది. ఇంటి నుంచి ఇంత దూరం వచ్చాక తెలుగు ఎదురైతే నాకు దిక్కులు తారుమారైనట్టు అనిపించింది. మా అమ్మ కూడా ఇదే పని చేస్తుందని ఆమెకు చెప్పాలనుకున్నాను. అంత తెలుగు ఆమెకు రాదు.

మర్నాడు రేవు అధికారి ఒకాయన విచారణకు ఓడ మీదికి వచ్చాడు. కెప్టెన్ పుస్తకంలో, నావికుడు అజాగ్రత్త వల్ల పట్టు తప్పాడని రాసి ఉంది. మేస్త్రిని అడిగారు. చాప బాగానే ఉందన్నాడు. చివరికి నన్ను పిలిచారు. అతుకు వేసింది నువ్వే కదా, చాప ఎట్లా ఉంది అని అధికారి అడిగాడు. ఈ పదిహేడు రోజుల్లో నేను కింది అధికారిని అడిగి పుచ్చిందనడానికి ఆ ఒక్క ఇంగ్లీషు మాట నేర్చుకుని పెట్టుకున్నాను.

"రాటన్ సార్," అన్నాను. "ఐ నో. ఐ నాట్ టెల్."

కెప్టెన్ నా వైపు చూశాడు. కోపం కాదది. ఏమిటో నాకు తెలియదు. పెన్ను తీసి తను రాసిన వాక్యం కొట్టేసి పక్కన ఇంకొకటి రాశాడు. అధికారి సంతకం తీసుకుని పోయాడు.

బయటికి వచ్చాక మేస్త్రి దగ్గరికి పోయాను. ఆయన మాట అబద్ధమని నలుగురిలో తేల్చినవాణ్ని కదా, తిట్లు తినడానికి సిద్ధపడే పోయాను. ఆయన తిట్టలేదు. ఆ చాప పుచ్చిందని విశాఖలోనే కెప్టెన్‌కు చెప్పానని, మారిషస్‌లో కొత్తవి వస్తాయి, అందాకా సర్దుకోమని కెప్టెన్ అన్నాడని చెప్పాడు. మరి బాగుందని ఎందుకన్నావు మేస్త్రీ అని అడిగాను. అతుకు వేసినవాడి మీదికి వస్తుందేమోననుకున్నాను అన్నాడు. నిజంగా నా కోసమే అన్నాడో, తన ఉద్యోగం కోసమే అన్నాడో! ఆయన మొహంలో రెండూ ఉన్నట్టే కనిపించాయి.

సాయంత్రం దవాఖానకు పోయాను. అప్పన్న మంచం పక్కన కూర్చుని చెప్పేశాను.

"అన్నా, ఆ చాప పుచ్చిందని నాకు ఎర్కనే ఉండె. ఎవ్వలికీ చెప్పలే."



"నాకు మట్టుకు తెలీదేటి?" అన్నాడు. "కట్టిన రోజే సేత్తో పట్టుకుని సూసినాను. పైకెక్కినోలందరికీ తెలుసు. కుట్టినోడివి నువ్వు సెప్తావనుకున్నాం."

నాకంటే మేస్త్రికే బాగా తెలుసని నేననుకున్నాను. కెప్టెన్ మేస్త్రి చూసుకుంటాడనుకున్నాడు. మేస్త్రి కెప్టెన్‌కు చెప్పేశాననుకున్నాడు. పైకెక్కేవాళ్లు నేను చెబుతాననుకున్నారు. తెలియనివాడు ఆ ఓడలో ఒక్కడూ లేడు. తర్వాత ముప్పై ఏళ్లలో ఇంజన్ ఓడల మీద ప్రమాదాలు చాలా చూశాను. ఎవరికీ తెలియక జరిగినది ఒక్కటీ చూడలేదు.

అప్పన్నను అక్కడి నుంచే ఇంటికి పంపించారు. ఏళ్ల తర్వాత భీమిలి వెళ్లి చూశాను. ఎడమచెయ్యి భుజం దాటి పైకి లేవదు. ఒడ్డున వలలు బాగు చేస్తున్నాడు. పిల్లలకు నన్ను చూపించి, "ఒగ్గేయమంటే ఒగ్గనోడు ఈడే" అన్నాడు. చాప ఊసు ఆ రోజూ మా మధ్య రాలేదు.

మళ్లీ కదిలాక

నన్ను దింపేస్తారనుకున్నాను. దింపలేదు. ఎందుకు ఉంచుకున్నారో కెప్టెన్ చెప్పలేదు. దక్షిణానికి పోవడానికి ఓడ సిద్ధమైంది. రేవు దాటిన రెండో రోజు నడిమికొయ్యకు ఒక చాప కట్టబోతున్నారు. దాని అంచు నాకు మెత్తగా తగిలింది. నొక్కి చూశాను. పుచ్చిందా, ఉప్పునీళ్లకు నానిందా, తేల్చుకోలేకపోయాను. మేస్త్రిని అడిగితే బాగానే ఉందన్నాడు. ఈసారి నిజమే చెబుతున్నాడో లేదో ఎట్లా తెలుస్తుంది?

కెప్టెన్ దగ్గరికి నడిచి పోయాను. ఆ ఒక్క మాటే మళ్లీ అన్నాను. పైకెక్కడానికి నిలబడ్డవాళ్లను ఆపి, చాపను కింద పరిపించాడు. ఆయన, మేస్త్రి, కింది అధికారి ముగ్గురూ మోకాళ్ల మీద కూర్చుని జానెడు జానెడు చూశారు. సగం పూట పోయింది. మంచి గాలి వృథా అయింది. చాపకు ఏమీ కాలేదు, అది తడి మాత్రమే. వంటవాడి దగ్గర్నుంచి అందరూ నవ్వారు. తర్వాత చాలా రోజులు తడిబట్టలు ఆరేసుకుంటూ నన్ను చూసి "రాటన్, రాటన్" అనేవారు.

సిగ్గుతో చచ్చిపోయాను. నేను చేసింది తెలివో తెలివితక్కువో ఆ రోజు తెలియలేదు. ఓడ ఎక్కబోయే మీకు నేను చెప్పగలిగింది కూడా ఇంతే: చెప్పాల్సిన రోజున అది తెలివో కాదో ఎట్లాగూ తెలియదు. నవ్వులు సద్దుమణిగాక కెప్టెన్ మళ్లీ ఆజ్ఞ ఇచ్చాడు. ఆరుగురు ఎక్కారు, చాప కట్టారు. నేను కింద నిలబడి ఒక్కొక్కణ్నే లెక్కపెట్టాను. ఆరుగురూ దిగారు.